బ్రేకులు మనమే విప్పుదాం, మార్కులు మాత్రం వేరేవాళ్లు వేయాలి

ఇంటి దగ్గర పాత డీజిల్ కారు బ్రేకులు విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించుకోవచ్చా? ఈ ప్రశ్న మన హాస్టల్లో వేసి చూడండి. రెండు రకాల జవాబులొస్తాయి. ఒకటి: "బ్రేకులతో ఆటలేంట్రా, మెకానిక్‌కి ఇచ్చెయ్." రెండోది: "యూట్యూబ్‌లో ఉంది కదరా, అరగంట పని." మొదటిది భయం, రెండోది పొగరు. నేను మూడో మాట చెప్తాను. బ్రేకులు ఇంట్లో నిక్షేపంగా బాగుచేసుకోవచ్చు. కానీ "బాగయ్యాయి" అని తేల్చే హక్కు బాగుచేసినవాడికి ఉండకూడదు.

ఈ మాట ఊరికే అనట్లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. నీళ్లు తీశాక వీధుల నిండా బురద కొట్టుకుపోయిన బళ్లే. కొత్త కార్లలో సీట్ల కింద, డాష్‌బోర్డు వెనకాల ఉండే కంట్రోల్ యూనిట్లలోకి నీళ్లు పోతే, చాలావాటికి రిపేరు కంటే టోటల్ లాస్ కింద రాయించుకోవడమే నయం. మా పెదనాన్న వాళ్లింట్లో ఉన్నది 1988 డీజిల్ అంబాసిడర్. దానికి కంట్రోల్ యూనిట్ లేదు. థర్డ్ పార్టీది తప్ప ఇన్సూరెన్సూ లేదు. ఆయిలు మార్చి, డీజిల్ ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, సెల్ఫ్ మోటారు విప్పి ఎండబెడితే ఇంజను పలికింది. బ్రేకులు మాత్రం పలకలేదు. వెనక చక్రాలు రెండూ డ్రమ్ములకి తుప్పుతో కరుచుకుపోయాయి. ఆ చలికాలం ఆదివారాలన్నీ అన్నయ్యకీ నాకూ వాళ్ల వసారాలోనే గడిచాయి.

"అయినా ఇంట్లో ఎందుకు, షోరూంకి ఇవ్వొచ్చుగా" అని అడిగినవాళ్లు చాలామంది. అంబాసిడర్‌కి షోరూం ఎక్కడుంది? మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1958 నుంచి చేస్తూ వచ్చిన కారు అది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ బ్రాండు పేరుని 80 కోట్లకి ఫ్రాన్స్‌కి చెందిన ప్యూజో కంపెనీ కొనుక్కుంది. అంటే కన్నవాళ్లు చేతులెత్తేశారు, పేరేమో దత్తత పోయింది. మిగిలింది మన ఆటోనగర్. ఆసియాలోనే పెద్దదని బెజవాడ వాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్ప ఎంతవరకు నిజమో గానీ, అంబాసిడర్ బ్రేక్ షూ ఇప్పటికీ అక్కడ దొరకడం మాత్రం నిజం. కాబట్టి ఈ బండి ఉన్నవాడికి దారులు రెండే. ఒకటి ఆటోనగర్, రెండు సొంత చేతులు. నా ఉద్దేశంలో రెండూ కలిస్తేనే పని సవ్యంగా జరుగుతుంది.

మన పరీక్షలో ఐదు మార్కులు, రోడ్డు మీద ముప్పావు లీటరు నీళ్లు

మెకానికల్ వాళ్లందరం బ్రేకుల చాప్టర్ చదివాం. ఇంటర్నల్ ఎక్స్‌పాండింగ్ షూ బ్రేకు బొమ్మ గీసి, టార్క్ లెక్క కట్టి, మార్కులు తెచ్చుకున్నాం. ఆ బొమ్మ అసలు ఏం చెప్తోందో ఒకసారి అంకెల్లో చూద్దాం.

ఐదుగురు ఎక్కిన అంబాసిడర్ బరువు టన్నున్నర అనుకోండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో దాని గతిశక్తి దాదాపు 208 కిలోజౌళ్లు. అంటే 30 డిగ్రీల నీళ్లని దాదాపు ముప్పావు లీటరు మరుగు పట్టించేంత శక్తి. బ్రేకు తొక్కిన ఆ మూడు నాలుగు సెకన్లలో అదంతా వేడిగా మారి నాలుగు డ్రమ్ముల్లోకి వెళ్లాలి. వేగం 80కి పెరిగితే ఆ శక్తి 370 కిలోజౌళ్లు. వేగం మూడో వంతు పెరిగితే వేడి ముప్పావు వంతుకి పైగా పెరిగిందన్నమాట. మంచి బ్రేకులతో 0.6 జి చొప్పున ఆగితే, 60 నుంచి సున్నాకి రావడానికి 24 మీటర్లు చాలు. లైనింగ్ తడిసో, ఆయిలంటుకునో 0.4 జి మాత్రమే వస్తే 35 మీటర్లు పడుతుంది. ఆ తేడా 11 మీటర్లు. ఊళ్లో అంత దూరంలో ఒక గేదె, ఒక సైకిలు, ఒక బడిపిల్ల పట్టేస్తారు.

ఇంక పెడల్ సంగతి. లెక్క కోసం కాలితో 300 న్యూటన్ల బలం వేశాం అనుకుందాం. పెడల్ మీట దాన్ని ఐదు రెట్లు చేస్తే 1500 న్యూటన్లు. మాస్టర్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు అయితే గొట్టాల్లో పుట్టే పీడనం 3.75 మెగాపాస్కల్స్. కారు టైర్లో మనం కొట్టించే 30 పీఎస్‌ఐ గాలికి ఇది 18 రెట్లు. ఇంత పీడనాన్ని పట్టి ఉంచేది బొటనవేలంత రబ్బరు కప్పు. అది వారం రోజులు బురదనీళ్లలో నానింది.

పాస్కల్ సూత్రం ఇంటర్‌లోనే చదివాం. ఆ సూత్రం మొత్తం ద్రవం నొక్కుకుపోదన్న నమ్మకం మీదే నిలబడి ఉంది. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉంటే చాలు, పెడల్ ప్రయాణం అంతా ఆ బుడగని నొక్కడానికే ఖర్చయిపోతుంది. కాలు నేలకి తగులుతుంది, బండి మాత్రం సాగిపోతూనే ఉంటుంది.

డీజిల్ బండికి ఉన్న తిప్పలు

ఇదే కారు పెట్రోలుదైతే ఒక సౌకర్యం ఉండేది. పెట్రోలు ఇంజన్లో కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుని మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుడుతుంది. ఆ వాక్యూమ్‌తోనే బ్రేక్ బూస్టర్ పనిచేస్తుంది. డీజిల్ ఇంజన్లో మామూలుగా గాలిని అడ్డే థ్రాటిల్ ఉండదు. గాలి ఎప్పుడూ నిండుగానే వెళ్తుంది, మారేది డీజిల్ మోతాదే. కాబట్టి ఉచితంగా దొరికే వాక్యూమ్ లేదు. బూస్టర్ కావాలంటే విడిగా వాక్యూమ్ పంపు పెట్టాలి. మా బండికి బూస్టరే లేదు. అంటే సాయం ఏదీ లేకుండా కాలి బలం, మీట, సిలిండరు, షూ. వీటిలో ఏది తగ్గినా నేరుగా తెలిసిపోతుంది. అది మంచిదే, కానీ తెలిసేది రోడ్డు మీద.

ముందు చక్రాల డ్రమ్ముల్లో రెండేసి వీల్ సిలిండర్లుంటాయి. రెండు షూలూ లీడింగే. చక్రం తిరిగే దిశలోనే షూ తెరుచుకోవడంతో డ్రమ్మే దాన్ని తనవైపు లాక్కుంటుంది, మన కాలి బలానికి బండి బలం తోడవుతుంది. తెలివైన ఏర్పాటు. కానీ దీనికి రెండు షరతులున్నాయి. బండి వెనక్కి దొర్లేటప్పుడు ఆ తోడు ఉండదు. కాలవ గట్టు మీదికి ర్యాంపు ఎక్కుతూ మధ్యలో ఇంజను ఆగిపోతే ఈ విషయం వంటపడుతుంది. ఇక రెండోది: ఈ ఏర్పాటు మంచిని పెంచినట్టే తేడానీ పెంచుతుంది. ఎడమ లైనింగ్ పొడిగా ఉండి కుడి దానికి బ్రేక్ ఆయిల్ అంటుకుంటే బండి ఒక పక్కకి లాగేస్తుంది.

ఆ పక్కన ఏముంటుంది? డెల్టాలో మన రోడ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. బ్యారేజీ దగ్గర మొదలైన బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఊరి నడిబొడ్డు నుంచే పోతాయి. ఊరు దాటితే చాలా రోడ్లు గట్ల వెంటే. అవనిగడ్డ వెళ్లే కరకట్ట సంగతి వెళ్లినవాళ్లకి తెలుసు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, గింజల మీద టైరు పట్టు దొరకదు. ఇలాంటి చోట బండి పక్కకి లాగితే ఒకవైపు ధాన్యం రాశి దగ్గర కూర్చున్న మనుషులు, రెండోవైపు నీళ్లు. అందుకే ఇంట్లో ఫ్యాను రిపేరు చేసుకోవడం, బ్రేకు రిపేరు చేసుకోవడం ఒకటి కాదు. ఫ్యాను పాడైతే మనకి చెమట పడుతుంది. బ్రేకు పాడైతే మనకి అసలు పరిచయమే లేని మనిషి ఇంట్లో ఏడుపు మొదలవుతుంది.

ఇంట్లో చేయదగ్గది, చేయకూడనిది

ఇంత చెప్పి కూడా ఇంట్లో చేయొచ్చనే అంటున్నాను. ఎందుకంటే ఈ పనిలో ఎక్కువ భాగం నైపుణ్యం కంటే ఓపిక అడుగుతుంది. ఇంట్లో మనకి ఉండేది ఓపికే.

మొదటిది, బండిని జాకీ మీద వదిలి కింద పని చేయకూడదు. ఇటుకలు పేర్చి ఆనించడం అంతకంటే ఘోరం, ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. సరైన స్టాండ్లు పెట్టి, మిగతా చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టాకే చక్రం విప్పాలి.

రెండోది దుమ్ము. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గాలి కొట్టి ఆ దుమ్ము ఊదేయడం చాలా చోట్ల అలవాటు. ఆ పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రావు. జబ్బు బయటపడటానికి ఇరవై ముప్పై ఏళ్లు పట్టొచ్చు, అప్పటికి ఏ ఆదివారం పీల్చామో ఎవరికీ గుర్తుండదు. మాస్కు కట్టుకుని, సబ్బునీళ్లతో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో మూట కట్టేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడోది రబ్బరు. నాలుగు చక్రాల వీల్ సిలిండర్ల కిట్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు, హోస్ పైపులు మొత్తం మార్చాలి. "ఇది బానే ఉంది కదా" అనే మాట రబ్బరు విషయంలో చెల్లదు. హోస్ బయటికి నున్నగా కనిపిస్తూనే లోపల ఉబ్బి ఉండొచ్చు. అప్పుడు ఆయిల్ వెళ్తుంది గానీ తిరిగి రాదు, బ్రేకు పట్టేసి ఉండిపోతుంది. సిలిండర్లని పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగడం ఇంకో అలవాటు. ఆ చమురు తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. కడగాల్సింది స్పిరిట్‌తో, తడపాల్సింది కొత్త బ్రేక్ ఆయిల్‌తో.

బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. గాల్లో తేమని పీల్చుకునే రసాయనం. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక అదే 140కి పడిపోతుంది. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. మన డెల్టా ఉక్కలో సీసా మూత తీసి అటక మీద పెట్టి, వచ్చే ఏడాది వాడుకుందామంటే కుదరదు. వరదలో మునిగిన బండిలో ఉన్నదైతే చెప్పనే అక్కర్లేదు. మరిగితే ఆవిరి, ఆవిరంటే బుడగ, బుడగంటే పైన చెప్పుకున్న కథే.

ఇంక ఇంట్లో చేయకూడనివి. లైనింగ్ రివెట్లు కొట్టడం, డ్రమ్ము లేత్ మీద పట్టించడం, స్టీలు పైపు చివర ఫ్లేర్ చేయడం. ఇవి ఆటోనగర్ పనులు. వాటికి మిషన్లు కావాలి, మిషన్ల వెనక నలభై ఏళ్ల చెయ్యి కావాలి. మా వెనక డ్రమ్ములు తుప్పు గీరించుకుందామని లేత్ షాపుకి పట్టుకెళ్లాం. అక్కడి పెద్దాయన కొలత చూసి మిషనే ఆన్ చేయలేదు.

"బాబూ, ఇది ఇప్పటికే రెండుసార్లు కోసినట్టుంది. ఇంకో కోత కోస్తే అంచు పలచబడుద్ది. వేడెక్కితే పగుల్ద్ది. నేను కొయ్యను" అన్నాడు.

"పైపైన కొంచెం పట్టించండి బాబాయ్, ఎప్పుడో గానీ తియ్యం బండి" అన్నాడు అన్నయ్య.

"ఎప్పుడో తీసినా తీసినప్పుడు ఆగాలిగా?"

వేరే షాపులో అడుగుదామని అన్నయ్యకి లేకపోలేదు. కానీ ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. పాత సామాన్ల వీధిలో మంచి డ్రమ్ములు వెతికి, ఆయన చేతే కొలిపించి తెచ్చుకున్నాం. వచ్చే కూలీ డబ్బులు వదులుకుని "చెయ్యను" అన్న ఆ మాటే ఈ వ్యాసానికి మూలం. ఆయన ఆ క్షణంలో మా పనివాడుగా లేడు, మా ఎగ్జామినర్‌గా ఉన్నాడు.

రెండో మనిషి

బ్రేకుల పనిలో చివరి మెట్టు గాలి తీయడం. ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు చక్రం దగ్గర నిప్పుల్ మీద పానా పెట్టుకుని కూర్చోవాలి, ఒకరు పెడల్ మీద ఉండాలి. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరకి రావాలి. మా పెద్దమ్మని సీట్లో కూర్చోబెట్టాం.

"పెద్దమ్మా, తొక్కు."

"తొక్కా."

"అలాగే పట్టుకో, వదలకు." నిప్పుల్ తిప్పుతాం, బుడగలతో ఆయిల్ గొట్టంలోంచి సీసాలోకి వస్తుంది, బిర్రుగా బిగిస్తాం. "ఇప్పుడు వదులు."

ముందే వదిలేస్తే గాలి మళ్లీ లోపలికి లాగేసుకుంటుంది. అంటే పెడల్ మీద ఉన్న మనిషి మాట మనం నమ్మాలి, మన మాట ఆమె నమ్మాలి. నాలుగో చక్రానికి వచ్చేసరికి పెద్దమ్మే చెప్పడం మొదలుపెట్టింది: "ఇందాక మెత్తగా పోయింది, ఇప్పుడు గట్టిగా తగుల్తోంది." బ్రేకుల గురించి అంత కచ్చితమైన రిపోర్టు ఏ మీటరూ ఇవ్వదు.

రెండో మనిషి ఉండటం ఇక్కడ సాయం కోసం మాత్రమే కాదు. మన ఊరి రైల్వే జంక్షన్‌నే చూడండి. రైలు కదలాలంటే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ కావాలి. బ్రేకులు పరీక్షించి అది ఇచ్చేది క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది. దాన్ని చూసుకుని సంతకం పెట్టేది లోకో పైలట్, గార్డు. చూసినవాళ్లు వేరు, నడిపేవాళ్లు వేరు, ఇద్దరి సంతకాలూ ఆ కాగితం మీద ఉండాలి. విమానాల్లోనూ అంతే. కంట్రోల్స్ మీద పని చేస్తే, ఆ పని చేయని ఇంకో అర్హుడు వచ్చి చూస్తేనే అది ఎగురుతుంది. ఆ మెకానిక్ మీద అనుమానంతో పెట్టిన రూలు కాదది. మూడు గంటలు ఒకే నట్టుని చూసిన కన్ను ఆ నట్టు బిగిసే ఉందని అనుకోవడం మొదలుపెడుతుంది. అది మనిషి కంటి లక్షణం.

సీఎస్ఈ వాళ్లకి ఇది కొత్తేం కాదు. మీరు రాసిన కోడ్‌ని మీరే రివ్యూ చేసి మెర్జ్ కొట్టేసుకుంటే టీమ్ ఊరుకోదు. సివిల్ వాళ్లకీ తెలుసు, కాంట్రాక్టరే కాంక్రీటు క్యూబుల రిపోర్టు రాసుకుంటే ఆ స్లాబు కింద మనం నిలబడం. మరి సొంత కారు బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి "నేనే చేశా, నాకు తెలుసు" అనేది ఎందుకు సరిపోతోంది?

చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు. సొంత కారుకి 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఐదేళ్లకోసారి. బ్రేక్ ఆయిల్ వయసేమో రెండేళ్లు. మధ్యలో ఎవరూ చూడరు. ఇంకో చిత్రం చెప్తాను. 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటితేనే "వింటేజ్" వాహనం. డీజిల్ అంబాసిడర్ వచ్చిందే 1980 ప్రాంతంలో. కాబట్టి మనం ముచ్చటగా వింటేజ్ అనుకునే ఈ డీజిల్ బళ్లలో ఒక్కటి కూడా ఇప్పటికి చట్టం దృష్టిలో వింటేజ్ కాదు. అవి మామూలు పాత బళ్లు, మామూలు రోడ్ల మీద తిరిగే బళ్లు. మ్యూజియం మర్యాదలేవీ వాటికి లేవు.

"స్క్రాప్‌కి వేసేయొచ్చుగా?"

ఈ ప్రశ్నని కొట్టిపారేయను. అది న్యాయమైనదే. 1988 డీజిల్ ఇంజనుకి కాలుష్య ప్రమాణాలన్న మాటే తెలియదు. మన దేశం 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6లోకి వచ్చేసింది. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బళ్లని నిలిపేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లోనే చెప్పింది. 2022 ఏప్రిల్ నుంచి పాత కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 అయింది. సందేశం స్పష్టంగానే ఉంది. ఇలాంటి బండిని రోజూ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో తిప్పడం నా దృష్టిలో కూడా తప్పే. పండక్కి ఊరెళ్లడం, ఏడాదికి కొన్ని వందల కిలోమీటర్లు, అంతవరకే.

అయినా ఒక్కమాట. ఆ బండిలో మనం మొత్తం చూడగలిగేది, పట్టుకోగలిగేది ఉంది. కాలు దగ్గర మొదలైన బలం డ్రమ్ము దాకా ఏ దారిలో వెళ్తుందో వేలితో చూపించొచ్చు. కొత్త కారు బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ "రిపేరు హక్కు" మీద కమిటీ వేసినప్పుడు వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంటి వస్తువులతో పాటు వాహనాల్నీ ఆ జాబితాలో పెట్టింది. కొన్న వస్తువుని విప్పే హక్కు కొన్నవాడికి ఉండాలన్నది మంచి మాట. నేనూ దాని పక్షమే. కాకపోతే ఆ హక్కు అడిగేవాళ్లం దాని రెండో సగం కూడా అడగాలి. విప్పే హక్కు నాకుంటే, నేను బిగించింది చూసే హక్కు నా బండి ముందు నడిచేవాళ్లకి ఉండాలి.

అడుగుతున్నది ఏమిటంటే

మన కాలేజీ వర్క్‌షాపులో ఫిట్టింగ్, కార్పెంటరీ, టిన్ స్మితీ ఉన్నాయి. డొవెటైల్ జాయింట్ చేసి రికార్డులో బొమ్మ వేసి సంతకం పెట్టించుకుంటాం. ఆ జాయింటు మీద ఎవరి ప్రాణమూ ఆధారపడదు. నా ప్రతిపాదన చిన్నది. నెలకో శనివారం వర్క్‌షాపు తలుపులు తెరవండి. ఇంట్లో పాత బండికి, స్కూటరుకి, సైకిలుకైనా సరే, బ్రేకులు చేసుకున్నవాళ్లు తీసుకొస్తారు. చేసినవాడు పక్కన నిలబడతాడు, నోరు మెదపడు. ఇంకో స్టూడెంటు చూస్తాడు. ఆటోనగర్ నుంచి ఒక పెద్ద మేస్త్రీని గౌరవంగా పిలిచి, గంటకింత అని ఇచ్చి, ఎగ్జామినర్ కుర్చీలో కూర్చోబెట్టాలి. మనకి చదువు చెప్పేవాళ్లలో ఆయన కూడా ఒకడని కాలేజీ ఒప్పుకోవడం అందులో నాకు బాగా నచ్చే భాగం.

చూడాల్సినవి ఒక పేజీ కూడా దాటవు. పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకుంటే కిందికి జారకూడదు. ప్రతి జాయింటు కిందా తెల్ల కాగితం ఒత్తితే తడి అంటకూడదు. ఎత్తి పెట్టిన చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పెడల్ నొక్కితే నాలుగూ ఒకేసారి పట్టాలి. హ్యాండ్ బ్రేకు ర్యాంపు మీద బండిని నిలబెట్టాలి. సింగిల్ సర్క్యూట్ బండిలో ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి, అప్పుడు దిక్కు అదొక్కటే. తర్వాత ఖాళీ గ్రౌండులో నడక వేగంలో, ఆపైన 20లో, ఆపైన 40లో. స్టీరింగు వదులుగా పట్టుకున్నా బండి గీత గీసినట్టు ఆగాలి. కొంచెం తిరిగాక డ్రమ్ములు తడిమి చూడాలి, ఎడమా కుడీ ఒకే వేడి ఉండాలి. కొత్త లైనింగులు సర్దుకునే మొదటి వంద రెండొందల కిలోమీటర్ల తర్వాత అడ్జస్ట్‌మెంటు మళ్లీ చూడాలి. ఇవన్నీ అయ్యాక కార్డు మీద రెండు సంతకాలు. చేసినవాడిదొకటి, చూసినవాడిదొకటి.

మా బండికి ఆ రెండో సంతకం లేత్ షాపు పెద్దాయన పెట్టాడు. కాగితం మీద కాదు, బండి ఎక్కి ఆటోనగర్ చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చి, ముందు ఎడమ చక్రం అడ్జస్టరు ఒక్క మెట్టు బిగించి, "ఇప్పుడు మీ పెద్దమ్మగారిని ఎక్కించుకోండి" అన్నాడు. మేం ఆ చక్రం మూడుసార్లు చూశాం. మాకు సరిగ్గానే ఉంది. ఆయన చేతికి తేడా తెలిసింది.

ఇంజను ఇంట్లో బాగుచేస్తే మహా అయితే స్టార్టవదు. నవ్వుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు. బ్రేకుకి సప్లిమెంటరీ ఉండదు. కాబట్టి విప్పండి, నేర్చుకోండి, చేతులకి మసి పూసుకోండి, మన చదువుకి అది చాలా అవసరం. ఆన్సర్ షీటు మాత్రం మనమే దిద్దుకోవద్దు.